ఇంటి గదిలో బేస్ గిటార్ రికార్డింగ్: తీగ నుంచి ఫైలు దాకా

పాట రికార్డు చేయాలంటే ఫిల్మ్‌నగర్ స్టూడియో మెట్లే ఎక్కాలన్న రోజులు పోయాయి. మియాపూర్‌లోనో నాచారంలోనో రెండు పడకగదుల ఫ్లాటులో ఒక గది, ఒక ల్యాప్‌టాప్, ఒక ఆడియో ఇంటర్‌ఫేస్ (వాయిద్యాన్ని కంప్యూటర్‌కు కలిపే పెట్టె) ఉంటే పని మొదలుపెట్టవచ్చు. గొంతు, కీబోర్డు వరకూ పెద్దగా చిక్కులుండవు. బేస్ దగ్గరికి వచ్చేసరికి చాలామంది తడబడతారు. గదిలో గంభీరంగా మోగింది ఫోనులో మాయమవుతుంది. ఫోనులో వినపడాలని పెంచితే కారులో తలుపులు అదురుతాయి.

దీనికి మందు ఖరీదైన పరికరం కాదు. బేస్ శబ్దంలో సింహభాగం తీగ మీద, వేలి కింద తయారవుతుంది. తర్వాతి తగువు ఇంటి కరెంటుతో, గది గోడలతో. ప్లగిన్ల (శబ్దాన్ని దిద్దే సాఫ్ట్‌వేర్ల) వంతు ఆఖరున వస్తుంది. ఈ వ్యాసం కూడా అదే వరసలో నడుస్తుంది.

ముందు వాయిద్యం

తీగలతో మొదలుపెడదాం. కొత్త రౌండ్‌వౌండ్ (గుండ్రటి తీగ చుట్టిన, గరుకైన) తీగలు లోహపు మెరుపుతో గణగణలాడతాయి. హుషారు పాటలకు ఆ మెరుపు కావాలి. నెమ్మదిగా సాగే మెలొడీలో అదే మెరుపు గొంతుకు అడ్డం పడుతుంది. అలాంటి పాటకు కొన్ని నెలలు వాడిన తీగలే నయం, లేదంటే నున్నటి ఫ్లాట్‌వౌండ్ తీగలు. డెట్రాయిట్‌లో మోటౌన్ అనే రికార్డు కంపెనీ పాటలకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్‌సన్ తన 1962 ప్రెసిషన్ బేస్‌కు (ఫెండర్ కంపెనీ మోడల్) లావుపాటి ఫ్లాట్‌వౌండ్ తీగలు వేసి, వాటిని మార్చడానికి ఇష్టపడేవాడు కాదు. బ్రిడ్జ్ (కింది చివర తీగలు ఆనే కట్టు) దగ్గర తీగల కింద ఫోమ్ ముక్క ఉండేది. కుడిచేతి చూపుడువేలు ఒక్కటే వాడేవాడు. రికార్డింగ్ కూడా ఎక్కువగా యాంప్ (శబ్దం పెంచే స్పీకర్ పెట్టె) లేకుండా నేరుగా స్టూడియో కన్సోల్‌లోకే. ఇంట్లో నేరుగా లైన్ తీసుకోవడం, అంటే మైక్ లేకుండా కేబుల్‌తోనే రికార్డు చేయడం, గతిలేని పని అనుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

కొత్త తీగలు వేస్తే రికార్డింగుకు ఒకరోజు ముందే వేయండి. ఒక్కో తీగను మధ్యలో పట్టుకుని మెల్లగా పైకి లాగి, మళ్లీ శ్రుతి చేయండి. లాగినా శ్రుతి దిగని స్థితి వచ్చేవరకూ అలా చేయాలి.

తర్వాత ఇంటొనేషన్, అంటే మెడ పొడవునా శ్రుతి కుదరడం. పన్నెండో ఫ్రెట్ (మెడ మీది అడ్డ లోహపు గీత) మీద వేలు నొక్కకుండా ఆనించి హార్మోనిక్ (సన్నటి అనుస్వరం) మోగించండి, అదే ఫ్రెట్‌లో నొక్కి మోగించండి. ట్యూనర్‌లో రెండూ ఒకేచోట నిలవాలి. నొక్కిన స్వరం ఎక్కువ చూపిస్తే బ్రిడ్జ్ మీద ఆ తీగ శాడిల్‌ను (తీగ ఆనే దిమ్మను) వెనక్కి జరపాలి, తక్కువ చూపిస్తే ముందుకు. మేలో గాలి ఎండిపోయి, జూన్‌లో వానలు పడగానే చెమ్మ ఎక్కే మన ఊళ్లో మెడ వంపు కూడా మారుతుంది. మొదటి ఫ్రెట్‌నూ ఆఖరి ఫ్రెట్‌నూ ఒకేసారి నొక్కి పట్టి, ఏడో ఫ్రెట్ దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య విజిటింగ్ కార్డు మందం సందు ఉందేమో చూడండి. తేడా ఉంటే ట్రస్ రాడ్‌ను (మెడ వంపు సరిచేసే లోపలి కడ్డీని) ఒక్కసారికి పావు చుట్టు మించి తిప్పవద్దు. అలవాటు లేకపోతే గిటార్ మరమ్మతు చేసేవారికే అప్పగించండి.

యాక్టివ్ బేస్ (లోపలే బ్యాటరీతో నడిచే సర్క్యూట్ ఉన్నది) అయితే తొమ్మిది వోల్టుల బ్యాటరీ కొత్తది వేయండి. కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ అది ఖర్చవుతూనే ఉంటుంది. రోజుల తరబడి కేబుల్ తీయకుండా వదిలేస్తే బ్యాటరీ అయిపోయి శబ్దం చిట్లుతుంది.

లావు ‘ఈ’ తీగ మీద ట్యూనర్ ముల్లు నిలకడగా ఉండదు. గట్టిగా మీటిన క్షణంలో శ్రుతి కాస్త పైకి పోయి, తర్వాత దిగుతుంది. పాటలో ఎంత గట్టిగా వాయిస్తారో అంతే గట్టిగా మీటుతూ శ్రుతి చేయండి. ఏసీ వేసినా ఆపినా మళ్లీ చూసుకోండి. ప్రతి టేకుకూ ముందు ట్యూనర్ చూడటం చాదస్తం కాదు.

కరెంటు గుయ్యిమనే చోటు

మన ఇళ్లలో కరెంటు 50 హెర్ట్జ్. ‘ఈ’ తీగ ఖాళీగా మోగితే 41 హెర్ట్జ్, మూడో ఫ్రెట్‌లో జీ 49, నాలుగో ఫ్రెట్‌లో జీ షార్ప్ 52కు కాస్త తక్కువ. అంటే కరెంటు గుయ్యిమనే శబ్దం సరిగ్గా ఈ రెండు స్వరాల మధ్య కూర్చుంటుంది. మీ గాయని ఐదున్నర శ్రుతిలో పాడుతోందనుకోండి. షడ్జం అంటే జీ షార్ప్. బేస్ మంద్ర షడ్జం పట్టి నిలిపినప్పుడల్లా అది 50 హెర్ట్జ్ రొదతో కలిసి సెకనుకు రెండుసార్లు ఊగుతుంది. వినేవారికి కారణం తెలియదు, శ్రుతిలో ఏదో లోపమని మాత్రం తోస్తుంది. ఐదు శ్రుతిలో పాడితే ఊగుడు ఇంకా నెమ్మదిగా, సెకనుకు ఒకసారి.

ఈక్వలైజర్‌తో తీసేద్దామంటే అక్కడే మీ స్వరం ఉంది, అదీ పోతుంది. నాయిస్ గేట్ (చిన్న శబ్దాలను మూసేసే ప్లగిన్) పెడితే స్వరం తోక తెగుతుంది. అందుకే ఈ రోగానికి వైద్యం రికార్డు బటన్ నొక్కకముందే జరగాలి.

రొద ఎక్కడినుంచి వస్తోందో కనిపెట్టడానికి కొన్ని పరీక్షలు చాలు. బేస్ ఒళ్లో పెట్టుకుని, తీగలు ముట్టుకోకుండా, హెడ్‌ఫోన్లలో వింటూ కుర్చీలో మెల్లగా చుట్టూ తిరగండి. ఒక దిక్కులో రొద తగ్గితే అది పికప్ (తీగ కంపనాన్ని సిగ్నల్‌గా మార్చే భాగం) గాలిలోంచి పట్టుకుంటున్నది. ఆ దిక్కుకే తిరిగి కూర్చోండి, అడాప్టర్లకూ స్టెబిలైజర్‌కూ దూరం జరగండి. తిరిగినా మారకపోతే ల్యాప్‌టాప్ చార్జర్ తీసి బ్యాటరీ మీద నడపండి. వెంటనే తగ్గితే గ్రౌండ్ లూప్, అంటే పరికరాలు ఒకటికి మించిన దారుల్లో ఎర్త్‌కు కలవడం వల్ల వచ్చే రొద. టేక్ చేసినంతసేపూ చార్జర్ లేకుండా ఉండటమే సులువైన దారి, లేదంటే అన్నింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు కలపండి. తీగల మీద చేయి వేస్తే రొద బాగా తగ్గడం బేస్‌లో మామూలే. చేయి వేసినా అలాగే ఉంటే మాత్రం లోపల గ్రౌండ్ వైరు ఊడిందేమో విప్పి చూపించాలి.

జాజ్ బేస్ తరహా వాయిద్యాల్లో రెండు సింగిల్ కాయిల్ పికప్‌లుంటాయి. సాధారణంగా వాటిని ఒకదాని రొదను మరొకటి రద్దు చేసేలా చుడతారు. రెండు వాల్యూములూ పూర్తిగా తెరిచి ఉంటేనే ఆ లాభం. ప్రెసిషన్‌లో 1957 నుంచి వస్తున్న రెండు ముక్కల పికప్ దానంతటదే రొదను అణచుకుంటుంది. ఇంటి రికార్డింగుకు నేను ప్రెసిషన్ వైపే మొగ్గడానికి ఇదొక కారణం.

ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్లు, డిమ్మర్ లైట్లు జుయ్యిమనే మరో రకం రొద పెడతాయి. ఫ్యాన్‌ను పూర్తి వేగంలో పెట్టో ఆపేసో చూడండి. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తుంటే, అది స్క్వేర్ వేవ్ రకమైతే, ఆ పూటకు రికార్డింగ్ మానుకోవడమే మేలు.

ఒక ప్రమాదం గురించి గట్టిగా చెప్పాలి. రొద పోతుందని మూడు పిన్నుల ప్లగ్‌లో ఎర్త్ పిన్ను తీసేసేవారున్నారు. బేస్ తీగలు గ్రౌండ్‌కు కలిపి ఉంటాయి, మీ చేతులు ఆ తీగల మీదే ఉంటాయి. యాంప్‌లో ఏదైనా లోపం వస్తే 230 వోల్టులకు దారి మీ ఒంటిలోంచే. ఎర్త్ సరిగా లేని ఇల్లయితే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ముందు అది బాగుచేయించండి.

లైన్, లెవెల్

కేబుల్ మూడు మీటర్లు చాలు. కదిపితే గరగరమనే జాక్‌ను కోఠి గుజరాతీ గల్లీలో కొత్తది తెచ్చి టంకం వేయించుకుంటే సరిపోతుంది.

ఇంటర్‌ఫేస్‌లో ‘ఇన్‌స్ట్రుమెంట్’ లేదా ‘హై జెడ్’ అని రాసి ఉన్న బటన్ తప్పక నొక్కాలి. పికప్ అంటే అయస్కాంతాల చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నటి రాగి తీగ. దాని సిగ్నల్ బలహీనమైనది. సుమారు ఒక మెగాఓమ్ ఇంపెడెన్స్ ఉన్న ఇన్‌పుట్‌కు కలిపితేనే శబ్దం పూర్తిగా వస్తుంది. లైన్ ఇన్‌పుట్‌కు కలిపితే పైభాగం అణగారిపోయి, దుప్పటి కప్పినట్టు వినిపిస్తుంది. అలాంటి ఇన్‌పుట్ లేకపోతే డీఐ బాక్స్ (గిటార్ సిగ్నల్‌ను మైక్ ఇన్‌పుట్‌కు తగ్గట్టు మార్చే పెట్టె) కొని మైక్ ఇన్‌పుట్‌కు కలపండి. పాసివ్ బేస్‌కు యాక్టివ్ డీఐ, యాక్టివ్ బేస్‌కు ఏదైనా పరవాలేదు.

రికార్డింగ్ సెట్టింగు 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. లెవెల్ చూసేటప్పుడు పాటలో అన్నిటికంటే గట్టిగా వాయించే భాగం వాయించండి, శిఖరాలు మైనస్ 12 నుంచి మైనస్ 10 డెసిబెల్స్ మధ్య ఉండాలి. స్లాప్ (బొటనవేలితో తీగను కొట్టి వాయించడం) ఉంటే ఇంకాస్త తగ్గించండి. 24 బిట్‌లో ఎర్రలైటు దాకా నెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు. బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతకు తీసుకునే శబ్దం) 128 శాంపిళ్లు పెడితే ఒక దిశలో సుమారు 2.7 మిల్లీసెకన్ల ఆలస్యం. కంప్యూటర్ తట్టుకోలేకపోతే ఇంటర్‌ఫేస్‌లోని డైరెక్ట్ మానిటరింగ్ (కంప్యూటర్‌లోకి పోకుండానే వినిపించే సదుపాయం) వాడండి.

నేరుగా లైన్ తీసుకోవడంలో ఇంకో సుఖం ఉంది. కుక్కర్ విజిలైనా, వీధిలో కూరగాయల బండి మైకైనా, వినాయకచవితి డీజేలైనా ట్రాక్‌లోకి రావు.

చేయి

మీటే చోటు మారిస్తే వాయిద్యమే మారినంత తేడా. మెడ చివర దగ్గర మీటితే గుండ్రంగా, మెత్తగా ఉంటుంది. బ్రిడ్జ్ వైపు జరిగేకొద్దీ బిగువు పెరిగి, కింది స్వరాల బరువు తగ్గుతుంది. తబలా, ఢోలక్ ఉన్న పాటలో డగ్గా అప్పటికే కింద చోటు ఆక్రమించి ఉంటుంది. అక్కడ బ్రిడ్జ్ వైపు జరిగితే బేస్ వాక్యం స్పష్టంగా వినపడుతుంది. గొంతు, ఒక గిటార్ మాత్రమే ఉన్న పాటకు మెడ వైపే బాగుంటుంది. చోటు ఎంచుకున్నాక పల్లవి మొత్తం అక్కడే ఉండండి. చేయి అటూఇటూ జారితే తర్వాత ఏ ఈక్వలైజరూ ఆ అతుకులు కలపలేదు.

బలం ఒకే తీరుగా ఉండాలి. మధ్యస్థ బలంతో మీటి, చాలకపోతే గెయిన్ పెంచండి. మరీ గట్టిగా మీటితే తీగ ఫ్రెట్లకు తగిలి టకటకమంటుంది, స్వరం నిలవకుండా త్వరగా ఆరిపోతుంది. చూపుడు, మధ్య వేళ్ల శబ్దాల మధ్య తేడా ఉంటే రికార్డింగులో దాచలేం. స్వరాలు నెమ్మదిగా ఉన్నచోట ఒక్క వేలితోనే వాయించి చూడండి.

మోగని తీగలను మూసి ఉంచడం సగం విద్య. ‘డీ’ తీగ మీద వాయిస్తుంటే కింది ‘ఈ’, ‘ఏ’ తీగలు వాటంతటవే కంపిస్తాయి. గదిలో వాయిస్తున్నప్పుడు ఇది తెలియదు, కంప్రెసర్ (శబ్దపు హెచ్చుతగ్గులను తగ్గించే ప్లగిన్) పెట్టాక బురదలా పైకి తేలుతుంది. కుడిచేతి బొటనవేలిని ‘ఈ’ తీగ మీద ఆనించి, పైతీగలకు వెళ్లినప్పుడు వేలిని కూడా జరుపుతూ ఉండండి. సన్నతీగల పని ఎడమచేతి ఖాళీ వేళ్లది.

స్వరం ఎప్పుడు మొదలవుతుందో అందరూ చూస్తారు, ఎప్పుడు ఆగుతుందో చూసేవారు తక్కువ. కిక్ డ్రమ్‌తో కలిసి పట్టిన స్వరం స్నేర్ పడేలోగా ఆగుతుందా, స్నేర్ మీదుగా సాగుతుందా అన్నది పాట నడకనే మార్చేస్తుంది. ఇళ్లలో డ్రమ్స్ ఎక్కువగా ప్రోగ్రామ్ చేసినవే. గీత గీసినట్టు పడే ఆ దెబ్బల పక్కన బేస్ ఊపిరి పోయాలి. కాబట్టి నాలుగు ఆవర్తాలు వాయించి కాపీ చేయడం నాకు నచ్చదు. పాట మొదటి నుంచి చివరిదాకా రెండుమూడు టేకులు వాయించండి, బాగున్న భాగాలు కలపండి. అతికే చోట స్వరాల మధ్య ఖాళీలో కోసి, ఐదు నుంచి పది మిల్లీసెకన్ల క్రాస్‌ఫేడ్ (ఒకటి తగ్గుతూ మరొకటి పెరిగే అతుకు) ఇవ్వండి.

యాంప్, మైక్ కావాలా?

అపార్ట్‌మెంటులో నా మాట అడిగితే వద్దు. శ్లాబులో పడి కింది ఇంటికి పోయేది ముందుగా ఈ కింది స్వరాలే. రాత్రి పదకొండుకు బేస్ యాంప్ వేసి సొసైటీ వాట్సాప్ గ్రూపులోకి ఎక్కడం ఎందుకు? సొంతిల్లు, పగటిపూట అయితే చేయండి. యాంప్‌ను నేలమీద కాక గట్టి స్టూలు మీద పెట్టండి. షూర్ ఎస్‌ఎం57 చాలు, ఏకేజీ డీ112 ఉంటే ఇంకా మంచిది. కోన్ మధ్యకూ అంచుకూ నడుమ, గ్రిల్‌కు రెండు అంగుళాల దూరంలో పెట్టి, లైన్‌ను కూడా వేరే ట్రాక్‌లో తీసుకోండి.

రెండూ కలిపినప్పుడు ఫేజ్, అంటే రెండు తరంగాలూ కలిసి కదులుతున్నాయా అన్నది, చూడాలి. శబ్దం గాలిలో 34 సెంటీమీటర్లు దాటడానికి ఒక మిల్లీసెకను పడుతుంది. మైక్ ట్రాక్ ఆ మేరకు వెనకబడి, లైన్‌తో కలిసినప్పుడు కొన్ని స్వరాలను పలచన చేస్తుంది. తరంగాన్ని పెద్దదిగా చేసి చూసి మైక్ ట్రాక్‌ను ముందుకు జరపండి. పోలారిటీ తిప్పి (తరంగాన్ని తలకిందులు చేసి), రెండు స్థితుల్లో ఏది బరువుగా ఉంటే అది ఉంచండి. యాంప్ సిమ్యులేటర్‌ను (యాంప్ శబ్దాన్ని అనుకరించే ప్లగిన్‌ను) శుద్ధమైన లైన్‌తో కలిపేటప్పుడు కూడా ఇదే పరీక్ష. ఉచితంగా దొరికే న్యూరల్ యాంప్ మోడలర్ ఇంటి పనికి బాగా సరిపోతుంది.

గది చెప్పే అబద్ధాలు

రికార్డింగులో గది లేదు, వినడంలో ఉంది. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవున్న పడకగది తీసుకోండి. శబ్దవేగాన్ని గది కొలతకు రెట్టింపుతో భాగిస్తే ఆ గది ఏ స్వరాన్ని ఉబ్బిస్తుందో తెలుస్తుంది. పది అడుగులంటే 3.05 మీటర్లు, కాబట్టి 343ను 6.1తో భాగిస్తే 56 హెర్ట్జ్. ఖాళీ ‘ఏ’ తీగ 55. పన్నెండు అడుగులకు 47 వస్తుంది, అది దాదాపు ఎఫ్ షార్ప్. శ్లాబు ఎత్తు కూడా పది అడుగులే అయితే ‘ఏ’ మీద రెట్టింపు దెబ్బ.

దీని ఫలితం విచిత్రంగా ఉంటుంది. గది మధ్యలో కూర్చున్నవారికి ‘ఏ’ పలచగా వినిపిస్తుంది, గోడ పక్కన నిలబడినవారికి అదే స్వరం గది నిండా మోగుతుంది. కుర్చీలో ఉన్నవారు పలచగా ఉందని పెంచేస్తారు. కారులో తలుపులు అదిరేది అందుకే.

ఎదురుగోడకు నాలుగున్నర అడుగుల దూరంలో, పొడవు దిక్కుకు ముఖం పెట్టి కూర్చోండి. బాగా తెలిసిన పాటలు నాలుగు ఇదే కుర్చీలో విని, వాటిలో ‘ఏ’ ఎలా ఉందో, ఎఫ్ షార్ప్ ఎలా ఉందో చెవికి ఎక్కించుకోండి. కింది స్వరాల మీద తుది నిర్ణయం హెడ్‌ఫోన్లలో తీసుకోండి. కోడిగుడ్ల అట్టలు గోడకు అంటిస్తే 50 హెర్ట్జ్ దగ్గర ఏమీ జరగదు. పాత దూది పరుపులు రెండు మడిచి మూలల్లో నిలబెడితే వంద హెర్ట్జ్ పైన కొంత మేలు. అంతకంటే కిందికి పోవాలంటే మూలల్లో అడుగు మందం రాక్‌వూల్ కావాలి.

మిక్స్‌లో

బేస్‌ను ఒంటరిగా వింటూ దిద్దకండి. పోపు మాత్రమే నాలుక మీద వేసుకుని పప్పు రుచి చెప్పినట్టవుతుంది. డ్రమ్స్, గొంతు మోగుతుండగానే దిద్దండి.

30 హెర్ట్జ్ కింద కోసేయండి. ఐదు తీగల బేస్‌లో కింది ‘బీ’ 31 దగ్గర ఉంటుంది కాబట్టి దానికి ఇంకా కిందికి దిగాలి. 200 నుంచి 300 మధ్య బురద ఉంటే రెండుమూడు డెసిబెల్స్ తగ్గించండి. స్వరం పోల్చుకోలేకపోతే 700 నుంచి 1000 మధ్య కొద్దిగా పెంచండి. కింద పెంచడం కంటే ఇక్కడ పెంచడమే చాలాసార్లు సమస్య తీరుస్తుంది. కిక్ 60 దగ్గర బలంగా ఉంటే బేస్‌కు 90 దగ్గర చోటివ్వండి, లేదా తిరగేయండి. ఇద్దరికీ ఒకే కుర్చీ వేయవద్దు.

కంప్రెసర్‌లో నాలుగుకు ఒకటి నిష్పత్తి, అటాక్ (పని మొదలుపెట్టే వేగం) 20 నుంచి 30 మిల్లీసెకన్లు, రిలీజ్ (వదిలే వేగం) వంద పైన, నాలుగు నుంచి ఆరు డెసిబెల్స్ తగ్గింపు. అటాక్ మరీ వేగంగా పెడితే వేలి దెబ్బ చచ్చిపోతుంది.

ఫోను స్పీకర్ 41 హెర్ట్జ్‌ను పలకలేదు. అయినా 82, 124, 165 దగ్గర మొదలై పైపైకి వెళ్లే అనుస్వరాలు తగినంత బలంగా ఉంటే చెవి అసలు స్వరాన్ని తానే ఊహించుకుంటుంది. అందుకు శాచురేషన్, అంటే శబ్దాన్ని కాస్త గరుకు చేసి అనుస్వరాలు పుట్టించడం, కావాలి. ట్రాక్‌కు ఒక నకలు తీసి, 200 కింద కోసి, దాన్ని గరుకుగా వినపడేదాకా శాచురేట్ చేసి, అసలు ట్రాక్ కింద కొద్దికొద్దిగా కలపండి. ఫోనులో బేస్ వరస పాడుకోగలిగేంత వినిపించగానే ఆపండి. గరుకుదనం విడిగా తెలుస్తోందంటే ఎక్కువైనట్టే.

ఫైళ్లు

ప్లగిన్లేవీ లేని శుద్ధమైన లైన్ ట్రాక్‌ను ఎప్పటికీ చెరపకండి. పాట రేపు పెద్ద స్టూడియోలో మిక్స్ అయితే వాళ్లు అడిగేది అదే, దాన్ని మంచి యాంప్‌లోకి పంపి మళ్లీ రికార్డు చేసుకోవచ్చు. మీకు నచ్చిన శబ్దంతో రెండో ఫైలు కూడా పంపండి, మీ మనసులో ఏముందో వాళ్లకు తెలుస్తుంది. రెండూ పాట మొదటి సెకను నుంచే మొదలవ్వాలి, బేస్ రెండో చరణంలో వచ్చినా సరే. 24 బిట్ వేవ్, మోనో. ఫైలు పేరులో పాట పేరు, టెంపో, శ్రుతి, ‘లైన్’ అనో ‘యాంప్’ అనో రాయండి. ‘ఫైనల్ కొత్తది 2’ అని మాత్రం రాయకండి. వాట్సాప్‌లో ఆడియోగా పంపితే శబ్దం కుదించుకుపోవచ్చు. డ్రైవ్‌లో పెట్టి లింకు ఇవ్వండి.